పాత విడిభాగం – వినియోగదారుని హక్కు

పాఠ్యభాగ నేపథ్యం

వస్తువును కొనని మనిషి లేడు. కొన్న వస్తువు చెడిపోయినప్పుడు ఏమి చేయాలో తెలిసిన మనిషి మాత్రం అరుదు. అందులోనూ కొన్నది పాత వస్తువైతే, దానిపై తనకు ఏ హక్కూ లేదని భావించి మిన్నకుండేవారే ఎక్కువ. ఆ భావన ఎంతవరకు సరైనదో వాడిన కారు విడిభాగాల కొనుగోలును ఆధారంగా చేసుకొని వివరించడం ఈ పాఠ్యభాగం ఉద్దేశం.

పాఠ్యభాగం

"కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి" అని మన పెద్దలు అన్నారు. కొనేవేళ ఒక్క కొరివికట్టె కూడా ప్రియమే, అమ్మేవేళ అడవి అంతా చవకే అని దీని భావం. పాత కారును అమ్ముకొన్నవాడికీ, అదే కారు నుండి ఊడదీసిన భాగాన్ని కొనుక్కొన్నవాడికీ ఈ సామెత చక్కగా వర్తిస్తుంది. మొదటివాడికి కారు మొత్తం ఇనుము ధరకు పోయినట్లు అనిపిస్తుంది. రెండవవాడికి అందులోని ఒక్క భాగమే వేల రూపాయలవుతుంది. అయినా కొత్తదాని ధరతో పోల్చితే అది చవకే. అందుకే బతుకుతెరువు కోసం బండి నడిపేవారు చాలామంది పాత సామాన్ల దుకాణాలను ఆశ్రయిస్తారు.

ఒక సన్నివేశాన్ని ఊహించుకొందాం. మెదక్ పట్టణంలో ఒక డ్రైవరు తన సొంత కారును కిరాయికి నడుపుకొంటున్నాడు. ఇంజను నడుస్తున్నప్పుడు విద్యుత్తును పుట్టించి బ్యాటరీకి అందించే భాగాన్ని ఆల్టర్నేటరు అంటారు. అతని కారులో అది చెడిపోయింది. కొత్తది కొనే స్తోమత లేక, దాదాపు నూరు కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకు వెళ్ళి, 4,500 రూపాయలకు పాతది కొన్నాడు. "మంచి కండిషన్లో ఉంది, ఏడాది వరకు చూసుకోనక్కరలేదు" అని దుకాణదారు చెప్పాడు. నాలుగవనాటి రాత్రి ఒక రోగిని హైదరాబాదుకు తీసుకువెళుతుండగా, నర్సాపూర్ అడవి దారిలో దీపాలు మసకబారి, కారు ఆగిపోయింది. రోగిని మరొక వాహనంలోకి ఎక్కించి పంపి, తెల్లవారే వరకు అతడు అక్కడే కూర్చున్నాడు.

మరునాడు ఆ భాగాన్ని విప్పించుకొని దుకాణానికి వెళితే మూడు జవాబులు వచ్చాయి. "అన్నా, అమ్మిన సరుకు వాపసు తీసుకోము." "పాత సామానుకు గ్యారంటీ ఎక్కడిది?" "మీ మెకానిక్ సరిగా బిగించలేదు, మేమేం చేస్తాం?" ఈ మూడు మాటలు వినని వినియోగదారుడు ఉండడు. వీటిలో నిజమెంతో ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

పూర్వుల దృష్టి

కొన్న వస్తువును తిరిగి ఇచ్చే వివాదం ఈనాటిది కాదు. మన ధర్మశాస్త్రాలు దీనిని 'క్రీతానుశయం' అనే వ్యవహారపదంగా విచారించాయి. క్రీతమంటే కొన్నది, అనుశయమంటే పశ్చాత్తాపం. యాజ్ఞవల్క్య స్మృతి ఒక్కొక్క వస్తువును పరీక్షించుకోవడానికి ఒక్కొక్క గడువును నిర్ణయించింది. విత్తనాలకు పది రోజులు, ఇనుముకు ఒక రోజు, బరువు లాగే పశువులకు అయిదు రోజులు, రత్నాలకు ఏడు రోజులు, పాడిపశువులకు మూడు రోజులు. మనుషులను కూడా సరుకుగా ఎంచి గడువు చెప్పిన ఆ కాలపు దోషాన్ని మనం సమర్థించనక్కరలేదు. కాని వస్తువు స్వభావాన్ని బట్టి గడువు మారాలన్న వివేకం మాత్రం గమనింపదగినది. ఎద్దు లోపం కాడి కట్టి దున్నితేనే తెలుస్తుంది. విత్తనం లోపం మొలకెత్తే వేళకు గాని బయటపడదు.

నారద స్మృతి మరింత సూక్ష్మంగా ఆలోచించింది. కొన్ననాడే చెడగొట్టకుండా తిరిగి ఇస్తే పూర్తి ధర వస్తుంది. రెండవనాడు ఇస్తే ధరలో ముప్పయ్యవ వంతు, మూడవనాడు అంతకు రెట్టింపు వదులుకోవాలి. ఆ తరువాత వస్తువు కొన్నవాడిదే. అంతేకాదు, చిరిగి మాసిన పాత బట్టను ఆ లోపం కళ్ళారా చూసి కొన్నవాడు, అదే లోపాన్ని చూపి దానిని తిరిగి ఇవ్వరాదని కూడా నారదుడు చెప్పాడు. పాత వస్తువుకు సంబంధించిన న్యాయం ఇందులో ఇమిడి ఉన్నది. తెలిసి అంగీకరించిన లోపానికి కొన్నవాడు బాధ్యుడు. అతనికి తెలియని లోపం విషయం వేరు.

యాజ్ఞవల్క్య స్మృతికి 'మితాక్షర' అనే వ్యాఖ్యను రచించిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల కాలంవాడు. ఆ కల్యాణి మన ఉమ్మడి మెదక్ జిల్లాకు పొరుగున ఉన్న బీదరు జిల్లాలోని నేటి బసవకల్యాణ్. పదమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన ఆ గ్రంథాన్ని 'విజ్ఞానేశ్వరీయం' పేరుతో తెనిగించాడు. న్యాయం జనం భాషలో జనానికి తెలియాలన్న తపన తెలుగువారికి అంత ప్రాచీనమైనది.

నేటి చట్టం

ఆధునిక కాలంలో వస్తువుల విక్రయాన్ని 1930 నాటి వస్తు విక్రయ చట్టం నియంత్రిస్తున్నది. కొనేవాడే జాగ్రత్త పడాలన్నది ఇందులోని సాధారణ సూత్రం. అయితే ఆ చట్టంలోని 16వ సెక్షను దీనికి మినహాయింపులు చెప్పింది. ఆ సరుకుల వ్యాపారమే చేసే వ్యక్తి వద్ద, వర్ణనను నమ్మి వస్తువును కొన్నప్పుడు, అది అమ్మకానికి తగిన నాణ్యత కలిగి ఉండాలి. కొనుగోలుదారు వస్తువును ముందుగా పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో బయటపడవలసిన లోపాలకు మాత్రం ఈ రక్షణ లేదు. నారదుని పాత బట్ట న్యాయం ఇక్కడ మరల కనిపిస్తుంది.

1986 డిసెంబరు 24న రాష్ట్రపతి ఆమోదం పొందిన వినియోగదారుల రక్షణ చట్టం సామాన్యునికి సులభమైన న్యాయమార్గాన్ని తెరిచింది. అందుకే ఆ తేదీని జాతీయ వినియోగదారుల దినంగా జరుపుకొంటున్నాం. దాని స్థానంలో వచ్చిన 2019 నాటి చట్టం 2020 జులైలో అమలులోకి వచ్చింది. ప్రతిఫలమిచ్చి 'ఏ వస్తువునైనా' కొన్నవాడిని వినియోగదారుడని ఈ చట్టం నిర్వచించింది. వస్తువు కొత్తదా పాతదా అన్న భేదాన్ని అది పాటించలేదు.

ఇప్పుడు దుకాణదారు మాటలకు వద్దాం. "అమ్మిన సరుకు వాపసు తీసుకోము" అన్నది మొదటి మాట. లోపమున్న వస్తువును బిల్లులో పేర్కొన్న గడువులోగా, గడువు పేర్కొనకపోతే ముప్పయి రోజులలోగా తిరిగి తీసుకొని సొమ్ము వాపసు ఇవ్వడానికి నిరాకరించడం 'అనుచిత వ్యాపార పద్ధతి' అని 2019 చట్టం రెండవ సెక్షనులోని 47వ క్లాజు చెప్పుతున్నది. గోడకు తగిలించిన బోర్డు చట్టాన్ని రద్దు చేయలేదు. అయితే ఈ నియమం లోపమున్న వస్తువుకే వర్తిస్తుంది. మనసు మారినందువల్లనో, మరొకచోట చవకగా దొరికినందువల్లనో తిరిగి ఇచ్చే హక్కు దీనివల్ల రాదు.

"పాత సామానుకు గ్యారంటీ ఎక్కడిది?" అన్నది రెండవ మాట. ఇందులో కొంత నిజమున్నది. పాత భాగం కొత్తదానివలె మన్నాలని ఎవరూ కోరలేరు. పైపూత వెలిసిందనో, గీతలు పడ్డాయనో ఫిర్యాదు చేయడం తగదు. కాని లోపమంటే ఏమిటో చట్టం స్పష్టం చేసింది. చట్టం ప్రకారం గాని, ఒప్పందం ప్రకారం గాని, వ్యాపారి తానే చెప్పుకొన్న దాని ప్రకారం గాని ఉండవలసిన నాణ్యత లేకపోవడమే లోపం. "ఏడాది వరకు చూసుకోనక్కరలేదు" అన్న మాటే ఆ ఆల్టర్నేటరుకు కొలబద్ద అవుతుంది. నాలుగు రోజులకే అది ఆగిపోతే వ్యాపారి తన మాటకు తానే బద్ధుడు. పాత వస్తువుకు రంగు వేసి, మెరుగు పెట్టి, కొత్తదని నమ్మబలికి అమ్మడం ఇంకా పెద్ద దోషం. బాగుచేసిన లేదా వాడిన వస్తువును కొత్తదిగా చూపడాన్ని కూడా చట్టం అనుచిత వ్యాపార పద్ధతులలో చేర్చింది.

మూడవ మాట మెకానిక్కును గురించినది. ఇది కేవలం సాకు కావచ్చు, నిజమూ కావచ్చు. తీగలు తారుమారుగా కలిపితే మంచి ఆల్టర్నేటరు కూడా కాలిపోతుంది. అప్పుడు బాధ్యత అమ్మినవాడిది కాదు, బిగించినవాడిది. రుసుము తీసుకొని చేసిన పనిలో లోపముంటే దానిని 'సేవాలోపం' అంటారు. దానికి కూడా ఇదే చట్టం వర్తిస్తుంది. లోపం ఎక్కడున్నదో పైకి తెలియనప్పుడు, వస్తువును తగిన ప్రయోగశాలకు పంపి పరీక్షింపజేసే అధికారం జిల్లా వినియోగదారుల కమిషనుకు ఉన్నది.

ఇక్కడ మరొక సందేహం కలుగవచ్చు. కారును కిరాయికి నడిపేవాడు వ్యాపారి కాడా? వ్యాపార ప్రయోజనం కోసం కొన్నవారు చట్టం దృష్టిలో వినియోగదారులు కారన్న మాట నిజమే. కాని స్వయం ఉపాధి ద్వారా జీవనోపాధి కోసమే వస్తువును వాడుకొనేవాడికి ఈ నిషేధం లేదు. తానే ఆటోను నడుపుకొని బతికేవాడు వినియోగదారుడేనని 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. పది కార్లు కొని డ్రైవర్లను పెట్టి నడిపించే సంస్థ స్థితి వేరు, మన మెదక్ డ్రైవరు స్థితి వేరు.

ఫిర్యాదు మార్గం

మొదట దుకాణదారుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. లోపాన్ని, కొన్న తేదీని, చెల్లించిన సొమ్మును, కోరుతున్న పరిహారాన్ని ఆ లేఖలో పేర్కొని స్పీడు పోస్టులో పంపడం మంచిది. స్పందన లేకపోతే 1915 అనే జాతీయ వినియోగదారుల సహాయవాణికి ఫోను చేయవచ్చు. అక్కడా పరిష్కారం దొరకకపోతే కమిషనును ఆశ్రయించాలి. ఉమ్మడి మెదక్ జిల్లాకు వినియోగదారుల ఫోరం సంగారెడ్డిలో ఉండేది. 2019 చట్టంతో ఫోరాలు కమిషన్లుగా మారాయి.

ఈ చట్టం తెచ్చిన ఒక గొప్ప సౌకర్యం ఏమంటే, ఫిర్యాదుదారు తాను నివసించే చోటనే కేసు వేయవచ్చు. హైదరాబాదులో కొన్న వస్తువు కోసం హైదరాబాదుకే తిరగవలసిన పని లేదు. చెల్లించిన ధర అయిదు లక్షల రూపాయల వరకు ఉంటే రుసుము లేదు. న్యాయవాది లేకుండా తానే వాదించుకోవచ్చు. వివాదం పుట్టిన నాటి నుండి రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయాలి. లోపం రుజువైతే దానిని సరిచేయాలని గాని, వస్తువును మార్చి ఇవ్వాలని గాని, సొమ్మును వడ్డీతో తిరిగి చెల్లించాలని గాని, నష్టపరిహారం ఇవ్వాలని గాని కమిషను ఆదేశించగలదు. ఆదేశాన్ని ధిక్కరించినవారికి జైలుశిక్ష గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

ఆన్‌లైనులో కొన్న భాగాలకు 2020 నాటి ఈ-కామర్సు నియమాలు వర్తిస్తాయి. ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును తిరిగి తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించరాదు. వ్యాపారి కాని పొరుగింటివాడి వద్ద పాత భాగాన్ని కొంటే మాత్రం ఈ మార్గం పనికిరాదు. అక్కడ మోసం జరిగితే 1872 నాటి కాంట్రాక్టు చట్టాన్ని అనుసరించి సివిలు కోర్టుకు వెళ్ళవలసి ఉంటుంది.

వినియోగదారుని బాధ్యత

హక్కుకు ఆధారం సాక్ష్యం. మన డ్రైవరు తక్కువ ధరకు ఆశపడి బిల్లు తీసుకోలేదనుకొందాం. ఒక తెల్లకాగితం ముక్కపై అంకె వేసి ఇచ్చిన కచ్చా చిట్టీయే అతని వద్ద ఉన్నదనుకొందాం. దుకాణం పేరు లేదు, తేదీ లేదు, వస్తువు పేరు లేదు. చట్టమెంత బలమైనదైనా ఆ చిట్టీ వద్ద తడబడుతుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతేనని చట్టం చెప్పింది. కాబట్టి బిల్లు అడగడం దుకాణదారును అవమానించడం కాదు.

బిల్లుపై 'వాడినది' అన్న మాట, భాగం సంఖ్య, పరీక్షించుకొనే గడువు రాయించుకోవాలి. ఫొటో తీసి ఉంచుకోవాలి. వీలైతే దుకాణంలోనే పరీక్షింపజేయాలి. చెడిపోయిన తరువాత దానిని సొంతంగా విప్పి కెలకరాదు. మెకానిక్కు చేత లోపాన్ని కాగితంపై రాయించుకోవాలి. భాగం ఎక్కడ నుండి వచ్చిందో కూడా అడగాలి. దొంగిలించిన సొత్తని తెలిసి, లేదా అలా అనుమానించడానికి తగిన కారణం ఉండి కూడా దురుద్దేశంతో తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను ప్రకారం నేరం. ఇక బ్రేకులు, స్టీరింగు, ఎయిర్‌బ్యాగు వంటి ప్రాణరక్షక భాగాలను పాతవి కొనకపోవడమే ఉత్తమం. ప్రాణం పోయాక వచ్చే పరిహారం ఎవరికి ఉపయోగం?

అమ్మేవాడికి కూడా న్యాయం కావాలి. తన కారులోని చెడిన భాగాన్నే తెచ్చి "మీరిచ్చినది ఇదే" అని దబాయించే కొనుగోలుదారులు లేకపోలేదు. అటువంటివారికి భయపడే వ్యాపారులు భాగాలపై రంగు గుర్తులు పెట్టుకొంటారు. గడువు రాసిన ఒక చక్కని బిల్లు ఉంటే ఇద్దరికీ ఈ అనుమానాల బాధ తప్పుతుంది.

నర్సాపూర్ అడవి దారిలో ఆ రాత్రి డ్రైవరు పోగొట్టుకొన్నది 4,500 రూపాయలే కాదు. ఒక రోజు కూలి, తనను నమ్మి బండి ఎక్కినవారి విశ్వాసం కూడా పోయాయి. పాత వస్తువు కొన్నవాడు పేదవాడు కావచ్చు, కాని అతని సొమ్ము పాతది కాదు. ఆ సొమ్ముకు తగిన వస్తువును అడగడం యాచన కాదు, హక్కు. ఆ హక్కు ఒక చిన్న కాగితంతో మొదలవుతుంది. దానిని అడిగి తీసుకోవడం మన చేతిలో ఉన్నది.

అర్థాలు

మిన్నకుండు = ఊరకుండు
స్తోమత = శక్తి, ఆర్థిక బలం
అనుశయం = పశ్చాత్తాపం
కొలబద్ద = కొలిచే సాధనం, ప్రమాణం
బద్ధుడు = కట్టుబడినవాడు
దబాయించు = గద్దించి ఒప్పింపజూచు

ప్రశ్నలు

1. దుకాణదారు చెప్పిన మూడు జవాబులను చట్టం దృష్టితో సమీక్షించండి.
2. క్రీతానుశయాన్ని గురించి ధర్మశాస్త్రాలు చెప్పిన విషయాలను వివరించండి.
3. సొంత కారును కిరాయికి నడుపుకొనేవాడు వినియోగదారుడే అని ఎట్లా చెప్పగలరు?
4. మీ ఇంట్లో ఇటీవల కొన్న ఒక వస్తువు బిల్లును పరిశీలించి, అందులో ఉన్న వివరాలను, ఉండవలసి కూడా లేని వివరాలను రాయండి.