కందెన లెక్క గంటల్లో

సిద్దిపేటలో ఒక మెకానిక్ షెడ్డు. పొద్దున తొమ్మిది దాటింది. మార్కెట్లో టమాటా ట్రేలు దించి వచ్చిన డీజిల్ పికప్ ఒకటి బానెట్ తెరిచి నిలబడి ఉంది. డ్రైవర్ గేజ్ పుల్ల లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీశాడు. పుల్ల కొసన నూనె తారులా ఉంది.

"ఆయిల్ పోసి పదిహేను రోజులు కాలే అన్నా, గప్పుడే గింత నల్లగైంది. డూప్లికేట్ మాలా ఏంది?"

మెకానిక్ తల కూడా ఎత్తలేదు. "డీజిల్ బండిల ఆయిల్ నల్లగ కాకుంటే భయపడాలె. నల్లగైతే భయమెందుకు?"

ఆ ఒక్క మాటలో సగం శాస్త్రం ఉంది. మిగతా సగం డ్రైవర్ వేసిన రెండో ప్రశ్నలో ఉంది: "మరి ఎప్పుడు మార్చాలె?" ఐదు వేల కిలోమీటర్లకు మార్చమని మెకానిక్ అన్నాడు. బండితో వచ్చిన పుస్తకంలో అంతకు రెట్టింపు రాసి ఉంది. ఇద్దరిలో ఎవరిది తప్పు? నన్నడిగితే ఇద్దరిదీ కాదు, అసలు కొలత దగ్గరే తేడా ఉంది.

ముందు నలుపు సంగతి. కందిలి వత్తి ఎక్కువ లేపితే గ్లాసు మసిబారడం మన ఇళ్లలో పెద్దవాళ్లందరూ చూసిందే. నూనె ఎక్కువై గాలి చాలకపోతే వచ్చేది మసి. డీజిల్ ఇంజిన్లో జరిగేదీ అదే. అక్కడ స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని పదహారు, ఇరవై వంతుల్లో ఒక వంతుకు కుదిస్తే అది భగ్గున కాగుతుంది, అందులోకి డీజిల్‌ను చిమ్మితే తనంతట తానే అంటుకుంటుంది. చిమ్మిన తుంపర అంచున గాలి దండిగా ఉన్నా నడుమ చాలదు. ఆ నడిమి భాగంలో పుట్టిన మసిలో ఎక్కువ భాగం అక్కడే కాలిపోతుంది, కొంత పొగలో పోతుంది, కొంత సిలిండర్ గోడకున్న నూనెకు అంటుకుని పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, నూనె ఉండే చాంబర్‌లోకి దిగుతుంది. ఒక్కో మసి రేణువు మైక్రాన్‌లో ఇరవయ్యో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు.

నూనెలో కలిపిన మందులు ఆ రేణువులను ఒకదానికొకటి అంటుకోనివ్వకుండా విడివిడిగా తేలుస్తాయి. నూనె నల్లబడిందంటే మసి ఇంజిన్ గోడలకు పట్టకుండా నూనెలోనే ఉందన్నమాట. మెకానిక్ నవ్వకుండా చెప్పిన మాట అదే.

మరి ఫిల్టర్ ఏం చేస్తున్నట్టు? ఇక్కడే చాలామంది పొరబడతారు. మడతలు పెట్టిన ఆ కాగితం సుమారు 20 మైక్రాన్ల నలుసులను బాగా పడుతుంది. ఇనుప రజను, ఇసుక, గట్టిపడిన మడ్డి దానికి చిక్కుతాయి. మసి మాత్రం చేపల వలలోంచి నీళ్లు పోయినట్టు పోతుంది. ఎంత ఖరీదైన ఫిల్టర్ వేసినా నూనెలో మసి పెరుగుతూనే ఉంటుంది. దాన్ని బయటికి పంపే దారి ఒక్కటే, నూనెను దించేయడం. ఇంకో సంగతి. ఫిల్టర్ పూర్తిగా మూసుకుపోతే ఇంజిన్ నూనె లేక ఎండిపోకూడదని ఒక చిన్న వాల్వు పెట్టారు. అది తెరుచుకుంటే నూనె వడకట్టకుండానే బేరింగులకు పోతుంది. బండి ఆగదు, లైటు వెలగదు, డ్రైవర్‌కు తెలియదు. అందుకే "ఆయిల్ మార్చు, ఫిల్టర్ వచ్చేసారి చూద్దాం" అనే పొదుపు నాకు నచ్చదు. పాత ఫిల్టర్ కడుపులోని మురికి నూనె కొత్త నూనెలో కలిసిపోతుంది కూడా.

ఇంజిన్‌కు అమర్చే ఆయిల్ ఫిల్టర్ వచ్చి వందేళ్లు దాటింది. అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ 1923లో ప్యూరోలేటర్ అనే పేరుతో దాన్ని తెచ్చాడు. కందెన మాత్రం మనకు కొత్త కాదు. ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో గడ్డి మసి కలిపి పూసేవాళ్లు. అది ఎండితే ఇరుసు కీచుమని అరిచేది, బండి తోలేవాడు దిగి మళ్లీ పూసేవాడు. ఆ బండికి కిలోమీటర్ల లెక్క లేదు, ఇరుసు అరుపే లెక్క. డీజిల్ ఇంజిన్‌తో చిక్కేమిటంటే, అది అరిచేసరికే పని అయిపోయి ఉంటుంది. లేత్ షాపుకు పోయి బోరు చేయించడమే మిగులుతుంది. అన్నట్టు, క్యాస్ట్రాల్ అనే పేరు కూడా మన ఆముదం నుంచే వచ్చింది. 1909లో వేక్‌ఫీల్డ్ కంపెనీ తన నూనెలో ఆముదం కలిపి, దాని ఇంగ్లిష్ పేరు క్యాస్టర్ నుంచి ఆ పేరు కట్టింది.

ఇక ఐదు వేల సంగతి. ఆ అంకెను మెకానిక్ గాల్లోంచి తేలేదు, తన గురువు దగ్గర నేర్చుకున్నాడు. గురువు కాలంలో అది నూటికి నూరుపాళ్లు నిజం. 1990ల తొలినాళ్లలో మన డీజిల్‌లో గంధకం 1 శాతం దాకా ఉండేది. గంధకం కాలితే వచ్చే వాయువు తేమతో కలిసి గంధకామ్లం అవుతుంది, బేరింగులను తినేస్తుంది. ఆ ఆమ్లాన్ని చంపడానికి నూనెలో క్షారం కలుపుతారు. గంధకం ఎక్కువైతే క్షారం తొందరగా ఖర్చవుతుంది, నూనె తొందరగా మార్చక తప్పదు. 2017 ఏప్రిల్‌లో దేశమంతటా బీఎస్-4 కాలుష్య ప్రమాణాలు వచ్చేసరికి గంధకం పది లక్షల పాళ్లలో 50 పాళ్లకు దిగింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6తో 10 పాళ్లకు వచ్చింది. ఆ పాత 1 శాతంతో పోలిస్తే వెయ్యో వంతు. నూనె కూడా మారింది. పుస్తకంలో పది వేలనీ, కొన్ని బండ్లకు ఇంకా ఎక్కువనీ రాస్తున్నది ఈ ధైర్యంతోనే.

అయితే పుస్తకంలో ఇంకో మాట ఉంటుంది, చిన్న అక్షరాల్లో. దుమ్ములో, అధిక బరువుతో, ఆగుతూ సాగుతూ, ఎక్కువసేపు నిలబడి నడిచే బండికి గడువు తగ్గించమని. ఆ వాక్యం చదివితే నాకు సిద్దిపేట పికప్పే కళ్లముందు కదులుతుంది. తెల్లవారుజామున ఊరూరా ఆగి కూరగాయలు ఎక్కించుకోవడం, మట్టిబాటలో చేనుదాకా పోవడం, మార్కెట్ గేటు ముందు ఇంజిన్ ఆపకుండా వరుసలో నిలబడటం, వరి కోతల రోజుల్లో కొనుగోలు కేంద్రానికి రాసిన బరువుకు మించి వడ్లు మోయడం. మామూలు వాడకం అని పుస్తకం చెప్పే బండి మన దగ్గర అరుదు.

ఒక లెక్క వేద్దాం. రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ పోయి వచ్చే బండి రెండు వందల కిలోమీటర్లు ఐదు గంటల్లో తిరుగుతుంది. గంటకు 40. పది వేల కిలోమీటర్లకు దాని ఇంజిన్ 250 గంటలు నడుస్తుంది. ఊళ్లు తిరిగే బండి రోజుకు ఎనభై కిలోమీటర్లే పోతుంది, కానీ ఇంజిన్ నాలుగు గంటలు నడుస్తుంది. గంటకు 20. అదే పది వేలకు 500 గంటలు. మీటరు మీద అంకె ఒక్కటే, నూనె పడిన కష్టం రెట్టింపు. నిలబడిన గంటలో బరువు లేదు కదా అంటారు, నిజమే. కానీ చల్లగా నడిచే ఇంజిన్లో డీజిల్ సరిగా కాలక కొంత నూనెలోకి దిగుతుంది, తేమ ఆవిరి కాక అక్కడే ఉండిపోతుంది. చలికాలం నూనె మూత లోపల తెల్లటి వెన్నలా కనబడేది ఆ తేమే.

విచిత్రమేమిటంటే, ఈ గంటల లెక్క మన రైతుకు ముందే తెలుసు. ట్రాక్టర్ మీటరులో కిలోమీటర్లు చూసి ఆయిల్ మార్చేవాడు లేడు. చాలా ట్రాక్టర్లకు 250 గంటలకో, ఆ చుట్టుపక్కలో గడువు. అదే రైతు, అదే ఇంటి ముందున్న పికప్ దగ్గరికి వచ్చేసరికి గంటలు మరిచిపోయి కిలోమీటర్లు లెక్కపెడతాడు.

దుమ్ము గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే నా దృష్టిలో మన బండ్లను మసి కన్నా దుమ్మే ఎక్కువ చంపుతోంది. మట్టిలోని ఇసుక రేణువు ఇనుము కన్నా గట్టిది. బేరింగుకీ ఇరుసుకీ నడుమ ఉండే నూనె పొర కొన్ని మైక్రాన్లే. ఆ పొర కన్నా కాస్త పెద్ద రేణువు దూరితే రెండువైపులా గీరుతుంది, గీరినప్పుడు రాలిన రజను ఇంకొంత గీరుతుంది. ఈ దుమ్ము వచ్చేది ఆయిల్ మూతలోంచి కాదు, గాలి ఫిల్టర్ లోంచి. దాన్ని టైరుకేసి కొట్టి, పైపుతో గట్టిగా గాలి కొట్టి మళ్లీ బిగించడం మన దగ్గర మామూలు. కాగితం ఎక్కడో సన్నగా చిరుగుతుంది, కంటికి కనబడదు. వేసవిలో ఎండ దీనికి తోడు. నూనె వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగితే అది గాలితో కలిసి పాడయ్యే వేగం సుమారు రెట్టింపవుతుంది.

బీఎస్-6 బండి ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. చాలా బండ్లలో పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది నిండినప్పుడు కాల్చడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. ఆ పని పూర్తికాకముందే మాటిమాటికి బండి ఆపేస్తే ఆ డీజిల్ నూనెలో చేరుతుంది. గేజ్ పుల్ల మీద నూనె మట్టం పెరిగితే "మన బండి ఆయిల్ తాగదు" అని మురిసిపోకండి, అది పలచబడుతోంది. ఈ బండ్లకు బూడిద తక్కువ మిగిల్చే నూనె కావాలి, పుస్తకంలో రాసిన రకమే పోయించండి. షెడ్డులో డ్రమ్ములో ఉన్నది పోయనివ్వకండి.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు గేజ్ పుల్ల నుంచి ఒక చుక్కను పీల్చే తెల్ల కాగితం మీద వేసి, కింద ఏదీ తగలకుండా రాత్రంతా ఉంచండి. బూడిదరంగు మచ్చ సమంగా బయటికి పాకితే నూనెలో ఇంకా సత్తువ ఉంది. మసంతా నడుమ నల్లటి బొట్టులా, అంచు గీసినట్టు ఆగిపోతే మసిని తేల్చే మందు అయిపోయింది, గడువు రాకపోయినా మార్చేయండి. పాత ఫిల్టర్‌ను రంపంతో కాకుండా, రజను రాలని కట్టర్‌తో కోయించి మడతలు ఎండలో విప్పి చూడండి. తళుకు కనబడితే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము, రింగులదో సిలిండర్‌దో. అంటుకోకుండా మెరిస్తే బేరింగు లోహం కావచ్చు, ఆ రోజే మెకానిక్‌కు చూపించాలి.

దించిన నూనె ఎక్కడికి పోతోంది? కొంత సెంట్రింగ్ చెక్కలకు, కొంత చెదలు పట్టకుండా వాసాలకు, మిగిలింది షెడ్డు వెనక మోరీలోకి. ఒక్క బండి దించిన నూనె పది లక్షల గ్యాలన్ల మంచినీటిని, అంటే సుమారు 38 లక్షల లీటర్లను పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ అంటుంది. మన చట్టం దృష్టిలో అది ప్రమాదకర వ్యర్థం, అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకే పోవాలి. డబ్బాలో పట్టి ఉంచమని మెకానిక్‌ను అడగండి.

ఈసారి ఆయిల్ మార్చినప్పుడు తేదీ, కిలోమీటర్లతో పాటు రోజుకు ఇంజిన్ ఎన్ని గంటలు నడుస్తుందో కూడా ఒక చీటీ మీద రాసి బానెట్ లోపల అంటించండి. ఊళ్లు తిరిగే బండైతే 250 గంటలు దాటనివ్వకండి, పుస్తకం అంతకన్నా ముందే మార్చమంటే పుస్తకం మాటే వినండి. బండి తిరగకపోయినా ఏడాదికి ఒకసారి మార్చాల్సిందే. ఖాళీ అయిన ఆయిల్ డబ్బాను పారేసే ముందు మేకుతో దానికి ఒక బొక్క పొడవండి. నకిలీ నూనె నింపేది అందులోనే.