వాన లెక్కలో గీత ఎక్కడ గీయాలి?

"ఈ నెల వాన సగటుకన్న ముప్పై శాతం తక్కువ" అని వినగానే గుండె గుభేలుమంటుంది. అయితే ఆ సగటు ఎటువంటిదో ముందు విచారించాలి.

మన వాతావరణ శాఖవారు సగటుకు 20 నుంచి 59 శాతం దాకా తగ్గితే లోటనీ, 60 శాతం, అంతకు మించి తగ్గితే తీవ్రమైన లోటనీ అంటారు. పెద్ద ప్రాంతానికి, మొత్తం నైరుతి ఋతుపవనాల కాలానికి యీ లెక్క బాగానే నప్పుతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు కురిసే అనంతపురం సీమలో ఒక్క మండలానికి, ఒక్క నెలకు వేసి చూస్తేనే వస్తుంది చిక్కు. వాన సున్నకన్న తగ్గలేదు గదా, పెరగడానికి మాత్రం హద్దులేదు. వాయుగుండం పట్టిందంటే నెలల వాన మూడు రోజుల్లో కురిసిపోతుంది.

మాటవరసకు పదేళ్ల సెప్టెంబరు వానలు యిలా వున్నాయనుకోండి: 30, 45, 60, 70, 80, 90, 105, 130, 190, 400 మిల్లీమీటర్లు. మొత్తం 1200, సగటు 120. ఆ సగటును అందుకున్న ఏళ్లు పదింట మూడే! 20 శాతం తగ్గించి 96 దగ్గర గీత గీస్తే ఆరేళ్లు లోటు పద్దులో పడతాయి. పదింట ఆరేళ్లు వచ్చేదాన్ని లోటంటే యింక మామూలు ఏడేది? పోనీ, ఆ 400 బదులు 900 కురిసిందనుకోండి. సగటు 170, గీత 136 అవుతుంది. నిన్నటిదాకా మంచి ఏడనుకున్న 130 కూడా లోటే. ఒక్క వరద తక్కిన ఏళ్ల పేర్లు మార్చేసిందన్నమాట.

అందుచేత తక్కువనుంచి ఎక్కువకు వరసగా పేర్చి గీయడం మేలు. నడిమి విలువ 80కి, 90కి మధ్య, అంటే 85. పైన 400 వున్నా 900 వున్నా అది కదలదు. ఆస్ట్రేలియాలో గిబ్స్, మేహర్ అనేవారు 1967లో వానలను యిలాగే పేర్చి పది సమాన వంతులు చేశారు. మూడు నెలలు, ఆపైన వాన అట్టడుగు వంతులో వుంటే గట్టి లోటని లెక్క.

వరసకూ ఒక లోపం వుంది. అట్టడుగు వంతు కోనసీమలోనూ వుంటుంది; కాలువ కింద వరికి దానివల్ల ఏమీ కాకపోవచ్చు. కాబట్టి ప్రతి ఏటి వాన పక్కన మీ దిగుబడి కూడా రాయండి. ఎక్కడినుంచి దిగుబడి విరుగుతున్నదో ఆ చోటే మీ అసలు గీత.

విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. పదేళ్లు ఉదాహరణకే, కనీసం ముప్పై ఏళ్ల లెక్కలు తీయాలి. చినుకు పడని నెలలని సున్నలు కొట్టేయరాదు. వాన ఎన్నిరోజుల్లో కురిసిందో కూడా రాయించండి: వేరుసెనగ ఊడలు దిగి కాయ ఊరే వేళ ఒక్కపెట్టున కురిసిన 90కన్న, నాలుగు విడతలుగా పడ్డ 60 మేలు.