పాత బండి కొనేముందు వంగి చూడండి

సెకండ్ హ్యాండ్ మినీ ట్రక్కు కొనబోయేవాళ్లు ముందుగా ఇంజన్ స్టార్ట్ చేయించి చెవి పెట్టి వింటారు. సైలెన్సర్ దగ్గర పొగ ఏ రంగులో వస్తోందో చూస్తారు. మీటరులో ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూసి, ఏ మోడలో అడిగి బేరానికి దిగుతారు. ఇందులో తప్పేమీ లేదు గానీ, సూళ్లూరుపేట లాంటి ఊళ్లో ఇది సరిపోదు. పులికాట్ సరస్సు ఒడ్డున బాడుగకు తిరిగిన బండిలో కొనేవాణ్ణి ముంచేవి రెండు. ఒకటి ఉప్పు తిన్న ఛాసిస్, రెండోది పేరు మారని కాగితం. ఇంజన్ చెడితే బాగుచేయడానికి ఎంతవుతుందో మెకానిక్ ముందే ఒక అంకె చెప్పగలడు. ఛాసిస్ పుచ్చినా, సీ బుక్‌లో, అంటే రిజిస్ట్రేషన్ పత్రంలో, చిక్కున్నా మనకెంత పోతుందో ఎవరూ చెప్పలేరు. లెక్కకు అందే నష్టాన్ని బేరంలో తగ్గించుకోవచ్చు. లెక్కకు అందనిదాన్ని మాత్రం బయానా ఇవ్వకముందే పట్టుకోవాలి.

ఈ చిన్న బండ్లు వచ్చి రెండు దశాబ్దాలు దాటింది. 2005 మేలో టాటా మోటార్స్ ఏస్‌ను విడుదల చేసింది. దాదాపు 700 సీసీల రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్, ముప్పావు టన్ను దాకా మోసే తొట్టి, ఇరుకు సందులో కూడా తిరగగలిగే పొట్టి శరీరం. ఆటో మోయలేని సరుకూ, లారీకి చాలని సరుకూ దీని వంతయ్యాయి. తర్వాత 2011లో అశోక్ లేలాండ్ దోస్త్, 2015లో మహీంద్రా జీతో, 2016లో మారుతి సూపర్ క్యారీ వచ్చాయి. ఇంకా బరువైన సరుక్కి బొలెరో పికప్ ఉండనే ఉంది. సూళ్లూరుపేట చుట్టుపక్కల వీటికి పని దొరుకుతుంది. 16వ నంబరు జాతీయ రహదారి మీద చెన్నై వంద కిలోమీటర్ల లోపే. తడ దగ్గర శ్రీసిటీ కర్మాగారాలున్నాయి. పులికాట్ చేపలు, రొయ్యలు, పల్లెల నుంచి ధాన్యం, చెన్నై నుంచి కిరాణా సరుకు నిత్యం అటూ ఇటూ కదులుతుంటాయి. సొంతంగా ఒక బండి ఉంటే కుటుంబం నిలబడుతుందన్న ఆశతో కూడబెట్టిన డబ్బంతా తెచ్చి పాత బండి మీద పెట్టేవాళ్లు అందుకే ఉన్నారు. వాళ్లకు రెండో అవకాశం ఉండదు కాబట్టే ఈ కొనుగోలును ఇంత పట్టింపుగా చూడాల్సి వస్తోంది.

ముందు ఉప్పు సంగతి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సు మీదుగానే సాగుతుంది. చిలికా తర్వాత దేశంలో అంతటి ఉప్పునీటి సరస్సు ఇదే. ఎండాకాలం నీళ్లు తగ్గినచోట నేల మీద ఉప్పు పేరుకుంటుంది, అది దుమ్ముతో కలిసి గాలికి లేస్తుంది. అయితే గాలిలో ఉప్పు కన్నా తొట్టిలో ఉప్పే బండికి ఎక్కువ చేటు. ఐసు వేసిన చేపల ట్రేల నుంచి కారే నీళ్లు తొట్టి రేకుల సందుల్లోంచి దిగి నేరుగా ఛాసిస్ మీద పడతాయి. ఇనుము తుప్పు పట్టడానికి నీరు, గాలి చాలు. నీటిలో ఉప్పు కలిస్తే దానికి విద్యుత్తును మోసే గుణం పెరిగి, తుప్పు పట్టే చర్య చాలా వేగంగా జరుగుతుంది. పైగా ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది కాబట్టి వాన లేని రోజున కూడా ఆ ఇనుము పూర్తిగా ఆరదు. మూసుకుపోయిన భాగాల్లోకి ఆ నీళ్లు చేరితే తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఇలాంటి బండికి అక్షరాలా సరిపోతుంది.

దాన్ని పట్టుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. పగటి వెలుతురు, ఒక గోనెపట్టా, టార్చి, చిన్న సుత్తి, స్క్రూడ్రైవర్ చాలు. పట్టా పరుచుకుని బండి కిందికి దూరాలి. కమాన్ పట్టీలను ఛాసిస్‌కు పట్టి ఉంచే బ్రాకెట్లు, తొట్టి కింద అడ్డంగా వేసిన కమ్ములు, క్యాబిన్ కూర్చునే మౌంటింగులు, వెనక చక్రాలకు పోయే బ్రేక్ పైపులు, ఈ నాలుగింటినీ విడివిడిగా చూడాలి. సుత్తితో మెల్లగా తడితే గట్టి ఇనుము ఖంగుమంటుంది, పుచ్చినచోట మొద్దు శబ్దం వస్తుంది. అనుమానమున్న చోట స్క్రూడ్రైవర్ మొనతో నొక్కాలి. గోధుమరంగు పొడి రాలి కింద గట్టి ఇనుము తగిలితే అది పైతుప్పు, భయం లేదు. పొరలు పొరలుగా ఊడివస్తున్నా, మొన లోపలికి దిగినా ఆ బండిని వదిలేయడమే మేలు. అమ్మకానికి పెట్టే ముందు అడుగుభాగానికి కొత్తగా నల్ల పెయింట్ కొట్టించి ఉంటే అక్కడ ఇంకాస్త గట్టిగా తట్టి చూడాలి. ఛాసిస్ మీద అతుకు వెల్డింగులు ఉన్నాయా, కమానులో కంపెనీ ఇచ్చిన వాటికన్నా పట్టీలు ఎక్కువ వేశారా అన్నదీ గమనించాలి. అదనపు పట్టీ కనబడిందంటే ఆ బండి మోయాల్సినదానికన్నా ఎక్కువ మోసిందనే అర్థం చేసుకోవాలి.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. సముద్రతీరంలో తుప్పు లేని బండి ఎక్కడ దొరుకుతుందన్నది మొదటిది. నిజమే, అందుకే ఊరు దాటి వెతకమంటున్నాను. వెంకటగిరి, రాపూరు, శ్రీకాళహస్తి వైపు కూరగాయలో, సిమెంటో, ఇటుకలో తోలిన బండి ఒక ఏడాది పాతదైనా, ఇక్కడ చేపలు తోలిన కొత్త మోడల్ కన్నా గట్టిగా ఉండవచ్చు. ఏ ఏడాది తయారైందన్నది ఎంత ముఖ్యమో, ఏ సరుకు మోసిందన్నదీ అంతే ముఖ్యం. ఇంజన్ పోతే పేదవాడికి అదీ పెద్ద దెబ్బే కదా అన్నది రెండోది. కాదనడం లేదు, మెకానిక్‌ను వెంట తీసుకుపోయి ఇంజన్ చూపించాల్సిందే. కానీ క్లచ్ ప్లేటు, ఇంజెక్టర్లు, బోరు పని, వీటన్నిటికీ నాయుడుపేటలో, నెల్లూరులో తెలిసిన ధరలున్నాయి. ఆ మొత్తాన్ని బండి ధరలో కోసి అడగొచ్చు. పుచ్చిన ఛాసిస్‌కు అతుకు వేస్తే పక్కన ఇంకోచోట విరుగుతుంది. ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పరీక్షకు, తీసుకుపోయినప్పుడు ఆపేస్తారు. నిండు లోడుతో హైవే మీద విరిగితే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

ఇక కాగితం. ఎనిమిదేళ్ల లోపు సరుకు బండికి రెండేళ్లకోసారి, ఆ పైబడితే ఏటా ఎఫ్‌సీ చేయించాలి. కాబట్టి ఎనిమిదేళ్లు దాటబోతున్న బండిని కొంటున్నామంటే ఏటా ఒక ఖర్చును కూడా కొంటున్నామని తెలిసి కొనాలి. మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిట్ అవసరం లేదని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఏస్ లాంటివి ఈ లెక్కలోకే వస్తాయి. పికప్‌ల విషయంలో మాత్రం సీ బుక్‌లో రాసిన బరువు చూసుకోవాలి. మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు రవాణా వాహనాలు నడపవచ్చని 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది గనక లైసెన్సు దిగులూ తీరింది. మిగిలిన చిక్కు ఫైనాన్స్, ట్రాన్స్‌ఫర్లదే. అప్పు తీరినా సీ బుక్‌లో ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉండిపోతుంటుంది. కంపెనీ సంతకంతో ఫారం 35 పెట్టి ఆ పేరు తీయించాలి. పన్ను, ఎఫ్‌సీ, ఇన్సూరెన్సు, అప్పు, చలాన్లు, అన్నిటినీ నంబరు కొట్టి పరివాహన్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. ఆ పని బండి చూడ్డానికి బయల్దేరకముందే, ఇంట్లో కూర్చుని ఫోనులో చేసుకోవచ్చు.

తెలిసినవాళ్ల బండే కదా, ట్రాన్స్‌ఫర్ తర్వాత చూసుకుందాం అనే మాట మన ఊళ్లలో తరచూ వింటాం. నమ్మకం మంచిదే. కానీ ఆలస్యం చేసినందుకు అమ్మినవాడూ, కొన్నవాడూ ఇద్దరూ ఇరుక్కుంటారు. బండి అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలని చట్టం గడువు పెట్టింది. ఫారం 29, ఫారం 30 అందుకోసమే ఉన్నాయి. ఒక కారు పేరు మార్చకుండానే చేతులు మారుతూ పోయి, చివరికి ప్రమాదం జరిగిన కేసులో, రిజిస్టరులో ఎవరి పేరుందో వాళ్లే యజమాని, పరిహారం బాధ్యతా వాళ్లదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఎప్పుడో అమ్మేసిన బండి చేసిన ప్రమాదానికి పాత యజమాని కోర్టు మెట్లెక్కాలి. కొన్నవాడికీ రక్షణ లేదు. ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి ఇన్సూరెన్సు బండితోపాటే వస్తుంది గానీ, సొంత బండికి తగిలిన దెబ్బకు పరిహారం కావాలంటే పాలసీ తన పేరుకు మారి ఉండాలి. అందుకే వెంటనే సంతకాలు పెట్టమని అడగడం ఎదుటివాణ్ణి అనుమానించడం కాదు, అతన్నీ కాపాడటమే.

సూళ్లూరుపేటది సరిహద్దు ఊరు. తమిళనాడు బండ్లు తక్కువ ధరకు వస్తాయన్న ఆకర్షణ ఇక్కడ ఎప్పుడూ ఉంటుంది. ధర నిజంగానే తక్కువ కావచ్చు. కానీ పక్క రాష్ట్రం బండికి అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఎన్‌ఓసీ, అంటే ఫారం 28 తేవాలి, ఇక్కడ పన్ను కట్టాలి, ఏపీ నంబరు వేయించాలి. ఎన్‌ఓసీ చేతికి రాకముందే మొత్తం డబ్బు ఇచ్చేస్తే దాని కోసం తిరిగే భారమంతా కొన్నవాడిదే అవుతుంది. ఇంకో సంగతి, 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను అంతకుముందే చెన్నైని నీళ్లలో ముంచింది. 2015 డిసెంబర్‌లోనూ చెన్నై మునిగింది. అలాంటి నీళ్లలో నిలిచిన బండి కడిగి రంగు వేస్తే మామూలుగానే కనబడుతుంది. సీటు బెల్టును చివరిదాకా లాగితే బురద గీత కనిపిస్తుందా, సీటు కింది నట్లు తుప్పుపట్టాయా, వైరింగ్ కప్లర్లు విప్పితే లోపల పచ్చటి చిలుము ఉందా చూడాలి. ఒకప్పుడు ఏపీ 26 అంటే నెల్లూరు జిల్లా బండి అని నంబరే చెప్పేది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక ఆ ఆనవాలు పోయింది. ఇప్పుడు సీ బుక్‌లోని చిరునామా చదవాలి.

రేషన్ బండ్ల సంగతీ చెప్పుకోవాలి. ఇంటింటికీ బియ్యం అందించడానికి 2021 జనవరి 21న 9,260 మినీ ట్రక్కులను ప్రారంభించారు. 2025 జూన్ 1 నుంచి మళ్లీ రేషన్ దుకాణాల్లోనే సరుకులివ్వడం మొదలవడంతో ఆ బండ్లకు ఆ పని పోయింది. బియ్యం మోసిన బండి కాబట్టి ఛాసిస్ మీద చేపల ఉప్పు పడి ఉండదన్నది వీటికి అనుకూలం. అయితే వీటిని ప్రభుత్వ పథకం కింద ఇచ్చారు, రేషన్ కోసమే ప్రత్యేకంగా బాడీ కట్టించారు. అలాంటి బండి అమ్మకానికొస్తే అప్పు, పథకం లెక్కలు పూర్తిగా తేలాయా, బాడీ మారిస్తే ఆ మార్పు సీ బుక్‌లో ఎక్కిందా అన్నవి తెలుసుకున్నాకే చేయి చాపాలి.

ఇంత తంటా పడేకన్నా కొంచెం అప్పు చేసి కొత్తదే కొనొచ్చు కదా అని అడగవచ్చు. రోజూ ఖాయంగా లోడు ఉన్నవాళ్లకు, ఏదైనా కంపెనీతో ఒప్పందం కుదిరినవాళ్లకు కొత్త బండే సరైనది. బాడుగ వాయిదాను మోస్తుంది, వారంటీ ఉంటుంది. కానీ చేపల సీజనో, కోతల సీజనో నమ్ముకున్నవాడికి లోడు కొన్ని నెలలే, వాయిదా మాత్రం పన్నెండు నెలలూ ఉంటుంది. అతనికి అప్పు లేని పాత బండే ఆధారం, అది గట్టిదైతేనే. కాబట్టి వరస మార్చుకోవాలి. ముందు ఫోనులో కాగితాలు, తర్వాత బండి కింద ఛాసిస్, ఆఖరున మెకానిక్‌తో ఇంజన్. మొదటి రెండింటిలో ఏది తప్పినా మూడోది చూడనే అక్కర్లేదు. మూడూ నిలిచాక కూడా కొంత డబ్బు చేతిలో ఉంచుకుని, ట్రాన్స్‌ఫర్ కాగితాల మీద ఇద్దరి సంతకాలూ పడిన రోజునే మిగతాది ఇవ్వాలి. ఈ జాగ్రత్తలకు ఒకటి రెండు రోజుల బాడుగ పోవచ్చు, నచ్చిన బండి ఇంకొకరి చేతికి పోవచ్చు. ఒక కుటుంబం ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముకు అదేమంత పెద్ద ఖర్చు కాదు.