ల్యాప్‌టాప్ ధర వేరు, ఖర్చు వేరు

పెరూ దేశపు పల్లె బడుల్లో ఒక దశలో విద్యార్థికి 1.18 కంప్యూటర్లు లెక్కతేలాయి. అంటే తలకొకటి ఇచ్చాక ఇంకా మిగిలాయన్నమాట! ల్యాప్‌టాప్‌లు పంచే పథకం అందని బడుల్లో అదే లెక్క 0.12. ఎనిమిది మందికి ఒకటి. ఈ రెండు రకాల బడులు కలిపి 319 చోట్ల పిల్లలను పరీక్షించి, ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు పరిశోధకులు 2012లో ఫలితాలు బయటపెట్టారు. లెక్కల్లో తేడా లేదు. భాషలోనూ లేదు. తర్కశక్తిని కొలిచే బొమ్మల పరీక్షలో మాత్రం కొంత మెరుగుదల కనిపించింది.

అక్కడ పంచినవి ఎక్స్‌ఓ ల్యాప్‌టాప్‌లు. ‘పిల్లకో ల్యాప్‌టాప్’ అంటూ 2005లో నికొలస్ నెగ్రోపాంటీ ప్రకటించినప్పుడు ధర 100 డాలర్లన్నారు. చేతికొచ్చేసరికి దాదాపు 200 అయింది. తొలి నమూనాకున్న, చేత్తో తిప్పి కరెంటు పుట్టించే పిడి అసలు యంత్రంలో కనబడలేదు. అయినా ఆ యంత్రాన్ని తీసిపారేయలేం. మెమరీ 256 ఎంబీయే కానీ తెర మాత్రం ఎండలోనూ చదవడానికి వీలుగా ఉండేది. మన కేంద్ర మానవ వనరుల శాఖ 2006లోనే ఈ పథకం వద్దంది.

పెరూలో టీచర్లకు 40 గంటల శిక్షణ ఇచ్చారు. ఇంటర్నెట్ ఉన్న బడులు బహు తక్కువ. ఒక్కో ల్యాప్‌టాప్‌లో 200 పుస్తకాలు నింపి పంపినా పిల్లల చదివే అలవాటు పెరగలేదు. పాడైతే మీదే పూచీ అంటారేమోనని ఇంటికి తీసుకెళ్లనివ్వని తల్లిదండ్రులూ ఉన్నారు. పేదవాళ్ల భయం అది, తప్పుపట్టేదేముంది?

ఇదే యంత్రాన్ని ఉరుగ్వే కూడా కొంది. 2007 మేలో విల్లా కార్డల్ అనే చిన్న ఊరి బడితో మొదలుపెట్టి, 2009 అక్టోబరుకల్లా ప్రభుత్వ ప్రాథమిక బడుల్లోని 3.6 లక్షల మందికి పైగా పిల్లలకు పంచింది. ఆ పథకం పేరు ప్లాన్ సెయిబల్. మరమ్మతు, టీచర్ల శిక్షణ, ఇంటర్నెట్ అన్నీ కలిపి పిల్లకు 260 డాలర్లయింది. యంత్రం ధర 200 అనుకున్నా మిగతా 60 దాన్ని నడిపించడానికే. ఆ తర్వాత నిర్వహణకు ఏటా మరో 21 డాలర్లు పడతాయని లెక్కగట్టారు. ఇంత చేసినా 2010 ప్రాంతంలో నాలుగో వంతుకు పైగా ల్యాప్‌టాప్‌లు మూలనపడి ఉన్నాయి.

మరి చదువు? ఉరుగ్వేలోనూ తొలి ఏళ్లలో లెక్కల్లో, పఠనంలో మార్పు రాలేదని పరిశోధకులు తేల్చారు. ఉన్నవాడింట్లో కంప్యూటరు ఉంటే లేనివాడింట్లోకీ అది వచ్చింది, ఆ మేరకు పథకం నెగ్గింది. మార్కుల సంగతి తర్వాత మారింది. ఇంగ్లిషు టీచర్ల కొరత ఉంటే, 2012 నుంచి దూరాన ఉన్న టీచర్లు వీడియోలో తరగతిగదికి పాఠం చెప్పసాగారు. 2013లో వచ్చిన లెక్కల సాధన కార్యక్రమాన్ని వాడిన పిల్లల్లో మెరుగుదల కనబడింది. నా దృష్టిలో అసలు తేడా ఇక్కడే ఉంది: ముందు ఏ పాఠం దగ్గర పిల్లలు ఆగిపోతున్నారో చూశారు, కంప్యూటరును దానికి పెట్టారు. పెరూలో ముందు కంప్యూటరొచ్చింది, దాంతో ఏం చేయాలో టీచరే వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇక మన సంగతికొస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో 8వ తరగతి పిల్లలు దాదాపు 4.6 లక్షల మందికి ట్యాబ్‌లు పంచారు. టీచర్లకు 59 వేల పైచిలుకు. ఉరుగ్వే వేసుకున్న 21 డాలర్ల లెక్కనే పిల్లల ట్యాబ్‌లకు వర్తింపజేస్తే, అప్పటి మారకం ధరలో ఏటా సుమారు 80 కోట్ల రూపాయలవుతుంది. ఇక్కడి కూలి, విడిభాగాల ధరలు వేరు కాబట్టి సగమే వేసుకుందాం. అయినా 40 కోట్లు, పిల్లవాడు పదో తరగతి దాటేదాకా ఏటేటా.