మూడు దశాంశముల జీవితకథ

0.299, 0.587, 0.114. ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను వర్ణములకు క్రమముగా చెందిన యీ మూడు దశాంశములను కూడినచో సరిగా ఒకటి వచ్చును. 1953 డిసెంబరు 17వ తేదీన అమెరికా ప్రసార నియంత్రణ సంఘము ఆమోదించిన ఎన్.టి.ఎస్.సి. వర్ణ టెలివిజన్ విధానములో 0.30, 0.59, 0.11 అను స్థూలరూపమున జన్మించి, 1982లో అంకాత్మక వీడియోకై వెలువడిన 601వ సంఖ్య అంతర్జాతీయ ప్రమాణమునందు సూక్ష్మరూపము దాల్చిన యీ సంఖ్యలు, తమకు జన్మకారణమైన పరికరములన్నియు మూలబడిన పిమ్మటను పాత వీడియోలపై అధికారము చెలాయించుచునే యున్నవి.

వీని పుట్టుకకు నలుపు తెలుపు పెట్టెలే కారణమనిన వింతగా తోచవచ్చును. 1951 జూన్‌లో సి.బి.ఎస్. సంస్థ, పీటర్ గోల్డ్‌మార్క్ రూపొందించిన రంగుల చక్రము గిరగిర తిరుగు విధానముతో వర్ణప్రసారముల నారంభించినప్పుడు, అప్పటికే అమెరికా గృహములలో నెలకొనియున్న కోటికి పైగా పెట్టెలకు, మార్పులు చేసికొన్ననే తప్ప, ఆ ప్రసారము అందలేదు. ఆ ముచ్చట అక్టోబరుతోనే ముగిసెను. ఇట్టి చిక్కునకు విరుగుడును 1938లోనే ఫ్రెంచి ఇంజనీరు జార్జ్ వలెన్సీ తన పేటెంటులో చూపియుండెను: చిత్రములోని వెలుగును ఒక సంకేతముగను, రంగును వేరొక సంకేతముగను పంపినచో, పాతపెట్టె వెలుగుతో తృప్తిపడును, క్రొత్తపెట్టె రెండింటిని జోడించుకొనును. మానవనేత్రమునకు ఆకుపచ్చ మిక్కిలి కాంతిమంతముగను, నీలము మిక్కిలి మసకగను దోచుననుటను బట్టి, ఆ వెలుగును కూర్చుటకై మన దశాంశములు లెక్కింపబడినవి. ఎరుపునుండియు నీలమునుండియు వెలుగును తీసివేయగా మిగిలిన భేదములే వర్ణవాహికలకు మూలము. కన్ను వెలుగులోని సూక్ష్మవివరములను పట్టినంతగా రంగులోని వివరములను పట్టజాలదు గావున, వీనిని ఇరుకుదారిలో పంపినను ప్రేక్షకుడు గుర్తింపడు. ఇంత నిరపాయమైన మోసము మరొకటి నే నెరుగను.

ఇందొక మెలిక కలదు. చిత్రనాళికకు పంపు సంకేతము రెట్టింపైనచో వెలుగు రెట్టింపుతో ఆగక సుమారు నాలుగైదు రెట్లగును. ఈ వక్రతను గామా యందురు. దానిని సరిచేయు సాధనమును లక్షలాది పెట్టెలలో నమర్చుటకంటె, కేంద్రమునందలి కెమెరాయొద్దనే విలోమవక్రతను చేర్చుట చౌక యని ఇంజనీర్లు నిశ్చయించిరి. తత్ఫలితముగా మన దశాంశములు నిజకాంతిని గాక గామా దిద్దిన విలువలను కొలుచుచున్నవి. గాఢవర్ణములయెడ కాంతి కొంత వర్ణవాహికలలోనికి జారిపోవుచున్నది.

అంతకంటె విచిత్రమైనది, చిత్రనాళిక తెరలోపల పూయబడి రంగుల వెలుగునిచ్చు ఫాస్ఫరుల కథ. 1953నాటి ప్రమాణము నిర్ణయించిన ఆకుపచ్చ మిక్కిలి గాఢమైనది, ఆ వర్ణపరిధియు విశాలమైనది. కాని ఆ ఫాస్ఫరుల వెలుగు మందము. కొనువారు కాంతినే కోరిరి. తయారీదారులు కొలదికాలములోనే ప్రమాణమును ప్రక్కకు నెట్టి, రంగు కొంత పలుచనైనను దేదీప్యమానముగా వెలుగు ఫాస్ఫరులను వాడసాగిరి. ఫాస్ఫరులు మారినప్పుడు దశాంశములును మారవలెను, మారలేదు. ఐరోపాలో పుట్టిన పాల్ విధానము సయితము, వేరు ఫాస్ఫరులను గైకొనియు ఇవే సంఖ్యలను స్వీకరించెను. 1982లో, ఢిల్లీ ఏషియా క్రీడల యేట, రంగుదాల్చిన మన దూరదర్శన్ అవలంబించినది పాల్ విధానమునే.

1990లో హై డెఫినిషన్ కొరకు వచ్చిన 709వ ప్రమాణము మాత్రము క్రొత్త ఫాస్ఫరులకు తగిన 0.2126, 0.7152, 0.0722 అను సంఖ్యలను విధించెను. అప్పటినుండి రెండు కొలతలు చెలామణి యగుచున్నవి. పూర్వము ఏ ఊరి కుంచము ఆ ఊరిదే యగుటచే, కొలిచిన కుంచమేదో తెలియక నాలుగు కుంచముల ధాన్యమనినచో అర్థము లేకపోయెడిది. వీడియో సంఖ్యలును అట్టివే. 601తో కట్టిన చిత్రమును 709తో విప్పినచో శుద్ధమైన ఎరుపులోనికి సుమారు పదవవంతు ఆకుపచ్చ చొరబడి అది నారింజవైపు మొగ్గును. ఆకుపచ్చ విలువ దాదాపు ఆరవవంతు తరుగును. బూడిదవర్ణమునందు రంగుభేదములు శూన్యములగుటచే అది చెక్కుచెదరదు. ఈ దోషము సులభముగా కంటబడకుండుటకు ఇదియే హేతువు.

సక్రమమైన పరివర్తనమునకు తొందర పనికిరాదు. మొదట పాత దశాంశములతో మూడు వర్ణములను విప్పవలెను. పిమ్మట గామాను తొలగించి నిజకాంతిని రాబట్టి, 1931లో అంతర్జాతీయ కాంతిసంఘము నేత్రపరీక్షలవలన నిర్ణయించిన వర్ణమానము మీదుగా క్రొత్త మూలవర్ణములలోనికి మార్చి, మరల గామాను చేర్చి, క్రొత్త దశాంశములతో కట్టవలెను. విశాలపరిధినుండి ఇరుకుపరిధికి దిగునపుడు కొన్ని రంగులకు ఋణసంఖ్యలు వచ్చును. ఏ దీపమును శూన్యముకంటె తక్కువగా వెలుగజాలదు గదా! వానిని నిర్దాక్షిణ్యముగా శూన్యమునకు కత్తిరించినచో, ఎండలోని బంతిపూవు రేకులన్నియు ఒకే ముద్దయగును, రంగును ప్రక్కకు తొలగును. అంచునకు సమీపించిన రంగులను మెల్లగా లోనికి నొక్కినచో రేకుల తారతమ్యము నిలుచును గాని, పరిధిలోపలనే యున్న నిర్దోషమైన రంగులును కొంత గాఢతను కోల్పోవును. నావరకు రెండవదే మేలు. కొంత వెలసినను అది పూవుగానే కనబడును.

2012లో వెలువడిన 2020వ ప్రమాణము 630, 532, 467 నానోమీటర్ల శుద్ధకిరణములనే మూలవర్ణములుగా గైకొని పరిధిని విస్తరింపగా, ఈ నొక్కుడు పని మరింత పెరిగినది. నేటి వీడియో ఫైలులో మూలవర్ణములు, గామా, దశాంశములు ఏవో తెలుపుటకు మూడు వేరువేరు గుర్తులకు చోటు కలదు. అవి లోపించిన ఫైలు చేజిక్కినపుడు, పెక్కు సాఫ్ట్‌వేరులు చిత్రమునకెన్ని వరుసలున్నవో చూచి, చిన్నదైన 601 అనియు, పెద్దదైన 709 అనియు ఊహించుకొనును. కనుకనే పాత పాల్ క్యాసెట్టును దశాంశములు మార్చకయే పెద్ద చట్రమునకు సాగదీసి, గుర్తులును చేర్చక భద్రపరచినవాడు, అందలి క్రీడాకారుని ఎర్రచొక్కాను నారింజవైపు నెట్టి దాచినవాడగును.