మీకు తెలుసా? బొడ్డుతాడు నాళాల బిగువు కాల్షియం చేతిలో

బొడ్డుతాడులో సాధారణంగా రెండు ధమనులు, ఒక సిర ఉంటాయి. ఆక్సిజన్ నిండిన రక్తాన్ని మాయ నుంచి బిడ్డకు తెచ్చేది సిర. బిడ్డ వాడుకున్న రక్తాన్ని తిరిగి మాయకు చేర్చేవి ధమనులు. వీటి చుట్టూ వార్టన్ జెల్లీ అనే జిగట పదార్థం ఉంటుంది.

తాడులో చాలా భాగానికి నరాలు ఉండవు. అందుకే నాళాల బిగువును సెరటోనిన్, థ్రాంబాక్సేన్ వంటి రసాయనాలు, ఆక్సిజన్ మోతాదు, తాడు సాగడం నిర్ణయిస్తాయి. వీటి ప్రభావం చాలావరకు కాల్షియం ద్వారానే కండరానికి చేరుతుంది.

నాళం గోడలో నునుపు కండర కణాలుంటాయి. విశ్రాంతిలో ఉన్న కణం లోపల స్వేచ్ఛా కాల్షియం, బయటి కంటే సుమారు 10,000 రెట్లు తక్కువ. కణపొరలోని ద్వారాలు తెరుచుకున్నా, లోపలి నిల్వలు విడుదలైనా ఆ మోతాదు పెరుగుతుంది. అప్పుడు కాల్షియం కాల్మాడ్యులిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. ఆ జంట ఒక ఎంజైమును మేల్కొలిపితే, అది మయోసిన్‌కు ఫాస్ఫేట్ అతికిస్తుంది. దాంతో కణం కుంచించుకుని నాళం ఇరుకవుతుంది. కాల్షియాన్ని బయటికి, నిల్వల్లోకి తోడేశాక, ఫాస్ఫేట్ కూడా తొలగితే నాళం సడలుతుంది.

ఈ పనికి శక్తినిచ్చేది ఏటీపీ. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో దాన్ని కండరంలో గుర్తించారు.

కాన్పు తర్వాత తాడు సాగి, చల్లబడి, రక్తంలో ఆక్సిజన్ పెరిగేసరికి ధమనులు గట్టిగా బిగుసుకుంటాయి. తాడులో నాడి ఆగుతుంది. నాళాల బిగువు తగ్గించడానికీ ఈ కాల్షియం దారే పనికొస్తుంది: గర్భిణుల అధిక రక్తపోటుకు వాడే నిఫెడిపిన్, కండర కణాల్లోని కాల్షియం ద్వారాలను మూసే మందే.