హాలిబట్ పడవలో సీటు, సముద్రంలో వాటా

అలాస్కా తీరంలో హాలిబట్ చేపపై బతికే వ్యాపారాలు రెండు. ఒకటి చేపను పట్టి, రేవులో తూకం వేసి, కొనుగోలుదారులకు అమ్మే వృత్తి మత్స్యకారులది. రెండవది చార్టర్ పడవల యజమానులది. వీరు చేపను అమ్మరు. చేపను గేలంతో పట్టుకునే అవకాశాన్ని సీటు లెక్కన అమ్ముతారు. వ్యాపారాలు రెండైనా సముద్రంలోని సరకు ఒక్కటే. కనుక చార్టర్ పడవలో సీటుకు బయానా ఇచ్చిన ప్రతి ప్రయాణికుడూ, కొలిచి పంచిన ఒక నిల్వలో చిన్న వాటాను కొంటున్నట్టే లెక్క. ఆ వాటా ఎంత, దాన్ని ఎవరు నిర్ణయిస్తారు, నిల్వ తగ్గిన ఏడాది నష్టం ఎవరి ఖాతాలో పడుతుంది అన్న ప్రశ్నలపై అక్కడ చాలా ఏళ్ళు వివాదం నడిచింది.

సరకు స్వభావం

పసిఫిక్ హాలిబట్ బల్లపరుపుగా ఉండే చేప. రెండు కళ్ళూ ఒకే పక్కన ఉంటాయి. సముద్రపు అడుగున బతుకుతుంది. తెల్లని, గట్టి కండ గల చేప కావడంతో హోటళ్ళలోనూ, ఇళ్ళలోనూ మంచి గిరాకీ ఉంది. పెద్దవి 500 పౌన్ల వరకు తూగుతాయి. అంత పెద్దవన్నీ ఆడచేపలే. అవి గుడ్లు పెట్టే వయసుకు రావడానికి సుమారు 12 ఏళ్ళు పడుతుంది. ఒకసారి నిల్వ తగ్గితే తిరిగి పెరగడానికి ఎందుకు జాగవుతుందో దీనిని బట్టి గ్రహించవచ్చు.

వ్యాపార లెక్కలన్నీ నికర బరువులో, అంటే తలా పేగులూ తీసివేసిన బరువులో, వేస్తారు. ఇది మొత్తం బరువులో దాదాపు ముప్పాతిక వంతు ఉంటుంది.

కొలిచేది ఎవరు

అమెరికా, కెనడా దేశాలు 1923లో కుదుర్చుకున్న ఒడంబడిక ప్రకారం ఏర్పడిన సంస్థే నేటి అంతర్జాతీయ పసిఫిక్ హాలిబట్ కమిషన్. దీని కార్యాలయం సియాటిల్‌లో ఉంది. కమిషన్ తీరాన్ని మండలాలుగా విభజించి, నిల్వను అంచనా వేసి, సాధారణంగా ప్రతి జనవరిలో జరిగే వార్షిక సమావేశంలో ఏ మండలంలో ఎంత పట్టవచ్చునో ప్రకటిస్తుంది. చార్టర్ వ్యాపారానికి ముఖ్యమైన మండలాలు రెండు. సిట్కా, జూనో, కెచికాన్ రేవులున్న ఆగ్నేయ అలాస్కా 2సి మండలం. హోమర్, సీవర్డ్, కోడియాక్ రేవులున్న మధ్య భాగం 3ఎ మండలం.

కమిషన్ కొలిచి ఇచ్చిన పరిమాణాన్ని అమెరికా జలాలలో ఎవరికెంత పంచాలో సిఫారసు చేసేది ఉత్తర పసిఫిక్ మత్స్య నిర్వహణ మండలి. ఇది 1976 నాటి చట్టం కింద ఏర్పడింది. సిఫారసులను పరిశీలించి నిబంధనలుగా ప్రకటించి అమలు జరిపేది కేంద్ర ప్రభుత్వపు మత్స్యశాఖ.

వృత్తి మత్స్యకారుల కోటా

1995కు ముందు అలాస్కాలో హాలిబట్ వేట పరుగుపందెంలా సాగేది. ముఖ్య మండలాలలో ఏడాదికి కొద్ది రోజులే, ఒక్కోసారి 24 గంటల చొప్పున మాత్రమే, వేటకు అనుమతి ఉండేది. గాలివానలోనైనా పడవలు బయలుదేరేవి. సరకంతా ఒక్కసారిగా రేవులపై పడేది. ధర దిగేది. చాలా భాగం శీతల గిడ్డంగులకు పోయేది.

1995లో వ్యక్తిగత కోటాలు వచ్చాయి. గతంలో పట్టిన సరకును బట్టి ఒక్కొక్కరికి వాటా కేటాయించారు. వేటకాలం సుమారు ఎనిమిది నెలలకు పెరిగింది. తాజా చేప నెలల తరబడి మార్కెట్టుకు రాసాగింది. ఈ వాటాలను నిబంధనలకు లోబడి అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. తర్వాత ఈ వృత్తిలోకి వచ్చినవారిలో అనేకులు అప్పు చేసి వాటాలు కొన్నారు. వాటా అనేది మండలపు పరిమితిలో ఇంత వంతు అన్న హక్కే గాని ఇన్ని పౌన్లు అన్న హామీ కాదు. పరిమితి తగ్గితే పట్టే సరకు తగ్గుతుంది. అప్పు వాయిదా మాత్రం తగ్గదు.

వివాదం ఎక్కడ మొదలైంది

చార్టర్ వ్యాపారంలోకి ఆ రోజులలో ఎవరైనా రావచ్చు. పడవ, కెప్టెన్ లైసెన్సు ఉంటే చాలు. పర్యాటకులు పెరిగిన కొద్దీ పడవలూ పెరిగాయి. ప్రభుత్వం 2003లో చార్టర్ రంగానికి మార్గదర్శక పరిమితి పెట్టింది. 2సి మండలానికి 14.32 లక్షల పౌన్లు, 3ఎ మండలానికి 36.5 లక్షల పౌన్లు. కాని అది మార్గదర్శకమే. దాటితే వేట దానంతటదే ఆగే ఏర్పాటు లేదు. 2సి మండలంలో 2004 నుంచి 2010 వరకు ఏటా చార్టర్ పట్టుబడి ఆ గీత దాటింది.

చార్టర్ పట్టుబడి అంచనాను ముందుగా మినహాయించి, మిగిలినదే వృత్తి మత్స్యకారుల పరిమితిగా లెక్క కట్టేవారు. అందుచేత అక్కడ పెరిగింది ఇక్కడ తరుగుగా కనిపించేది. అదే సమయంలో నిల్వ కూడా పడిపోయింది. 2సి మండలంలో వృత్తి వేట పరిమితి 2005లో 109.3 లక్షల పౌన్లు ఉండగా, 2011 నాటికి 23.3 లక్షలకు దిగింది. ఆరేళ్ళలో దాదాపు అయిదింట నాలుగు వంతుల కోత. ఇందులో ప్రధాన కారణం నిల్వ తగ్గడమే అయినా, తమ కడుపు కట్టుకున్న ఏడాదిలో పక్కవాడు గీత దాటాడన్న బాధ వృత్తి మత్స్యకారులకు మిగిలింది.

చార్టర్ పక్షం వాదనలోనూ బలం లేకపోలేదు. సముద్రం ప్రజలందరిదీ; సొంత పడవ లేనివాడికి చార్టర్ సీటే దారి. చిన్న రేవుల హోటళ్ళు, దుకాణాలు ఈ రాకపోకల మీదే నిలుస్తున్నాయి. పైగా వీరి సీట్లు నెలల ముందే అమ్ముడుపోతాయి. 2సి మండలంలో మనిషికి రోజుకు ఒకే చేప అన్న నిబంధన 2009 జూన్‌లో అమలుకు వచ్చింది. అప్పటికే రెండు చేపల ఆశతో బయానాలు చెల్లించినవారికి పడవ యజమానులు సమాధానం చెప్పుకోవలసి వచ్చింది.

2014 నాటి పంపకం

మొదట పడవల సంఖ్యకు కట్టడి వచ్చింది. 2011 నుంచి ఈ రెండు మండలాలలో చార్టర్ హాలిబట్ పర్మిట్ తప్పనిసరి అయింది. 2004 లేక 2005లోను, మళ్ళీ 2008లోను వ్యాపారం చేసినట్టు రికార్డు చూపినవారికి పర్మిట్లు ఇచ్చారు. కొన్ని చేతులు మారగలవు, కొన్ని మారవు. ప్రతి పర్మిట్‌పై మండలం, హాలిబట్ పట్టగల ప్రయాణికుల సంఖ్య ఉంటాయి.

2014లో అసలు పంపకం అమలులోకి వచ్చింది. రెండు రంగాలకూ కలిపి ఒకే ఉమ్మడి పరిమితి. అందులో చార్టర్‌కు శాతం. 2సి మండలంలో ఉమ్మడి పరిమితి 50 లక్షల పౌన్లకు లోపుంటే చార్టర్ వాటా 18.3 శాతం, 57.55 లక్షలు దాటితే 15.9 శాతం. ఈ రెంటి మధ్య ఉన్నప్పుడు వాటా మారకుండా 9.15 లక్షల పౌన్లుగా నిలుస్తుంది. 3ఎ మండలంలో 100 లక్షలకు లోపుంటే 18.9 శాతం, 108 నుంచి 200 లక్షల వరకు 17.5 శాతం, 250 లక్షలు దాటితే 14 శాతం. నడుమ మెట్లలో వరుసగా 18.9 లక్షలు, 35 లక్షల పౌన్లు స్థిరం.

ఈ స్థిరపు మెట్లు ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. 50 లక్షలలో 18.3 శాతం 9.15 లక్షలు. 57.55 లక్షలలో 15.9 శాతం కూడా దాదాపు 9.15 లక్షలే. నడుమ మెట్టు లేకపోతే, నిల్వ కాస్త పెరిగిన ఏడాది శాతం మారి చార్టర్ వాటా పౌన్లలో తగ్గిపోయేది.

కరువు ఏడాదిలో చార్టర్‌కు శాతం కొంచెం ఎక్కువ. పంట పండిన ఏడాదిలో అదనపు లాభంలో ఎక్కువ భాగం వృత్తి మత్స్యకారులది. ముఖ్యమైన మార్పు ఏమంటే, నష్టం ఒక్క ఖాతాలోనే పడదు. ఉమ్మడి పరిమితి 40 లక్షలుంటే చార్టర్‌కు 7.32 లక్షలు, అది 20 లక్షలకు పడితే 3.66 లక్షలు. ఇద్దరికీ సగానికి సగం. పట్టి వదిలేసిన చేపలలో చచ్చిపోయేవాటి బరువు కూడా ఎవరిది వారి ఖాతాలోనే రాస్తారు.

పౌన్లు ప్రయాణికుడి దాకా

చార్టర్ వాటా పౌన్లలో ఉంటుంది. ప్రయాణికుడి హక్కు చేపల సంఖ్యలో ఉంటుంది. ఎంతమంది వస్తారో ముందుగా తెలియదు గనుక, తలకు ఎన్ని చేపలు, ఎంత పొడవు, ఏ రోజులు అన్నవాటితోనే బరువును అదుపు చేస్తారు. 2సి మండలంలో రోజుకు ఒకే చేప, అదీ ఒక కొలతకు లోపుదో లేక మరో పెద్ద కొలతకు పైదో అయి ఉండాలన్న పద్ధతి 2012లో మొదలైంది. నడుమ కొలత చేపను నీళ్ళలోకి వదలాలి. 3ఎ మండలంలో 2014 నుంచి సాధారణంగా రెండు చేపలకు అనుమతి ఉన్నా, అందులో ఒకటి చిన్నదై ఉండాలని నియమం పెడుతూ వచ్చారు. వారంలో ఒక రోజు వేట మూసివేయడం 2015లో మొదలైంది. ఈ కొలతలూ రోజులూ ఏటా మారవచ్చు. పడవపై అతిథులున్నప్పుడు కెప్టెన్, సిబ్బంది తమ కోసం హాలిబట్ ఉంచుకోరాదు.

ఈ నియమాలు చార్టర్ పడవలకే గాని, గైడ్ లేకుండా సొంత పడవలోనో అద్దె పడవలోనో వెళ్ళేవారికి కావు. వారికి సాధారణంగా రోజుకు రెండు చేపలు, ఏ కొలతవైనా సరే. వారి పట్టుబడిని ఉమ్మడి పరిమితికి ముందే మినహాయిస్తారు. అటు వేట పెరిగితే ఆ తరుగును రెండు రంగాలూ పంచుకోక తప్పదు. పంపకంలో మిగిలిన సందు ఇదేనని రెండు పక్షాలవారూ ఎత్తిచూపుతుంటారు.

సీటు బుక్ చేసే ముందు

యాత్రికుల తరఫున సీట్లు కొనే ఏజెంట్లు ముందుగా అడగవలసింది పర్మిట్ సంగతి. పడవ ఏ మండలానిది, పర్మిట్‌పై ఎందరు అన్నవి సరిచూడాలి. ఆరుగురి చిన్న పడవలో ఒక ధర, ఎక్కువమంది ఎక్కే పెద్ద పడవలో మరో ధర ఉంటాయి. అనుకున్న తేదీ హాలిబట్‌కు మూసిన రోజు అవునో కాదో చూడాలి. ఆ ఏటి నిబంధనలు రాకముందే బయానా ఇస్తున్నట్లయితే, నియమం మారితే సొమ్ము వాపసు ఉందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవడం మేలు. వాతావరణం బాగాలేదని కెప్టెన్ ప్రయాణం మానితే డబ్బు తిరిగి ఇస్తారా, మరో రోజు ఇస్తారా అన్నదీ అంతే ముఖ్యం.

అలాస్కా రాష్ట్రపు వేట లైసెన్సు, చేపను కోసి, ప్యాక్ చేసి, గడ్డకట్టించే ఖర్చు టికెట్టులో కలిశాయో లేదో విడిగా అడగాలి. ఇలా పట్టిన చేపను అమ్మడం చట్టవిరుద్ధం. కండ ధరతో టికెట్టు ధరను పోల్చి లాభనష్టాలు చూసేవారు ఈ సంగతి మరువరాదు. సీటుతో కొనేది ఒక రోజు వేట మాత్రమే. చేప హామీ కాదు.

వాటాల బదిలీ

తన నియమానికి మించి చేప కావాలనుకునే అతిథికీ ఒక మార్గం ఉంది. 2014 నుంచి చార్టర్ పర్మిట్‌దారు, వృత్తి కోటాదారు నుంచి కొంత కోటాను ఆ ఏడాదికి అద్దెకు తీసుకుని, దాన్ని చేపల లెక్కలోకి మార్చుకోవచ్చు. ఆ చేపను పట్టే అతిథికి గైడ్ లేనివారికున్న పరిమితే వర్తిస్తుంది. ధర ఇరుపక్షాల బేరం. ఎంత కోటా ఇలా మళ్ళించవచ్చో దానికి హద్దులున్నాయి.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2003లో వృత్తి వేటకు 88, వినోద వేటకు 12 శాతంగా పంచారు. 2012లో దాన్ని 85, 15గా మార్చారు. కోటా అద్దెకు తీసుకునే పద్ధతి అక్కడ 2011లో ప్రయోగంగా మొదలైంది. అలాస్కాలో మరో అడుగుగా, చార్టర్ రంగమంతటి తరఫున ఒక సంస్థ ఇష్టపడి అమ్మేవారి నుంచి కోటాను శాశ్వతంగా కొనేందుకు 2018లో నిబంధనలు వచ్చాయి. 2సి మండలంలో 10 శాతం, 3ఎ మండలంలో 12 శాతం దీనికి గరిష్ఠ హద్దు. వెల చెల్లించి కొంటే అన్యాయమన్న మాట రాదని సమర్థించేవారి వాదన. కొనుగోలుదారు పెద్దదైతే కోటా ధర పెరిగి, కొత్తగా వృత్తిలోకి వచ్చే యువకులకు అందదని చిన్న రేవుల మత్స్యకారుల భయం.

వర్తకులకు ఇందులో తేలేది ఒక్కటే. హాలిబట్ సరఫరాను అంచనా వేసేవారు వృత్తి వేట పరిమితినే చూస్తే చాలదు; ఉమ్మడి పరిమితి ఏ మెట్టు మీద పడింది, గైడ్ లేని వేటకు ముందే ఎంత మినహాయించారు అన్నవి కూడా చూడాలి. ఆ అంకెలు కమిషన్ వార్షిక సమావేశంతో బయటికి వస్తాయి. సీట్లు అమ్మేవారూ, సరకు కొనేవారూ గుర్తు పెట్టుకోవలసిన తేదీ అదే.